ఆ మామిడికాయల లారీ అన్నకీ, మా కారు అమ్ముడుపోయేదాకా సాయపడిన అందరికీ

అందరికీ నమస్కారం. మా వ్యాగనార్ నిన్న సాయంత్రం అమ్ముడుపోయింది. 2012 మోడల్, ఏపీ 03 బండి. డబ్బు అకౌంట్లో పడింది, మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టేశాం. ఒళ్ళు హూనమైపోయింది. అయినా ఇప్పుడు రాయకపోతే రేపటికి బద్ధకిస్తానని కూర్చున్నాను.

బండికి ఏమేం జబ్బులున్నాయో ప్రకటనలోనే రాశాను. ఏసీ చల్లగా రాదు. ఎడమవైపు వెనక డోరు లోపల్నుంచి తెరుచుకోదు. క్లచ్ ప్లేట్లు చివరికొచ్చాయి. ఎండలో దూరం పోతే ఇంజిన్ హీటెక్కుతుంది. అలా ఎవరైనా రాస్తారా అని చాలామంది నవ్వారు. ఫోన్ చేసినవాళ్ళు ఆ లిస్టే తిరిగి నాకు చదివి వినిపించి, ఒక్కో జబ్బుకి ఇంతని కోసేవాళ్ళు. పాత కార్లు కొని అమ్మే కన్సల్టెన్సీల వాళ్ళది ఇంకో పద్ధతి. "పేరు మార్పిడికిచ్చే ఖాళీ 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చేయండి మేడమ్, మిగతాది మేం చూసుకుంటాం" అంటారు. వాళ్ళు చూసుకునేదాకా బండి మన పేరు మీదే తిరుగుతుంటుంది. ఆర్‌సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ నష్టపరిహారం బాధ్యత వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టే చెప్పింది. అందుకే పేరు మారందే తాళాలివ్వనని పట్టుబట్టాను.

హీటెక్కడానికి కారణం ఇంజిన్ లోపలి హెడ్ గాస్కెట్ పోవడమే అని ఒక షెడ్డులో తేల్చేశారు. పద్దెనిమిది వేలవుతుందన్నారు. అమ్మేసే బండికి అంత ఎక్కడ పెడతాం?

ఆ ఆదివారం ఒకాయన టెస్ట్ డ్రైవ్‌కి వచ్చారు. ఆయన నడుపుతుంటే నేనూ మా అమ్మాయీ వెనక కూర్చున్నాం. చంద్రగిరి దాటాక బానెట్ సందుల్లోంచి ఆవిరి. పక్కకి ఆపి, "మళ్ళీ ఫోన్ చేస్తానండీ" అని షేర్ ఆటో ఎక్కేశారాయన. ఆయన్ననడానికేం లేదు.

మా వెనకే ఒక లారీ ఆగింది. కోడూరు నుంచి చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి కాయల లోడు. సీజన్లో ఆ ఫ్యాక్టరీల ముందు లారీలు ఎంత పొడుగు క్యూ కడతాయో మనవైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. రోడ్డు మీద ఒక గంట పోతే తన ముందుకి ఎన్ని బళ్ళు చేరతాయో ఆయనకి తెలీదా! అయినా దిగాడు. యాభై దాటుంటాయి. మెడలో తువ్వాలు. దిగుతూనే, "రేడియేటర్ మూత జోలికి పోవద్దు మ్మా, ఇప్పుడు తెరిస్తే మొగమంతా కాలిపోతాది. పాపను తీసుకోని నీడకి పో" అన్నాడు.

ఇంజిన్ చల్లారేదాకా తనూ మాతోపాటే చింతచెట్టు కింద కూర్చున్నాడు. తర్వాత తన క్యాన్‌లోని నీళ్ళు కొంచెం కొంచెంగా పోశాడు. ఇంజిన్ ఆన్ చేయించి, కాసేపు అలాగే ఉంచి, రేడియేటర్ ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాడు. అది కదల్లేదు. లారీలోంచి రెండు టెస్టింగ్ వైర్లు తెచ్చి బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చేసరికి గిర్రున తిరిగింది. "ఫ్యాను బాగుండాది. దానికి కరెంటే రావడంలా" అన్నాడు. ఇంజిన్ ఆపించి, ఫ్యాను వైరును వేళ్ళతో తడుముకుంటూ కిందికి పోయి ఒకచోట ఆగాడు. "ఎలక మ్మా. జానెడు తినేసింది."

గాస్కెట్టూ లేదు, పద్దెనిమిది వేలూ లేదు!

మళ్ళీ క్యాబిన్‌లోకెక్కి ఇంకో వైరు తెచ్చాడు. ఒంటి పేటయితే లోడుకి కాలిపోతుందని రెండు పేటలు కలిపి మెలేశాడు. పళ్ళతో తొడుగు పీకి, అతికి, టేపు చుట్టాడు. మా అమ్మాయి నా కొంగు లాగి లారీ వైపు చూపించింది. అద్దం పైన డ్రైవర్‌కి గాలి తగిలేలా బిగించిన చిన్న ఫ్యాను ఉంటుంది చూడండి, దాని వైరు తెగి వేలాడుతోంది. అన్నా, ఇదేం పని అన్నాను. "మేం ఎక్కువ తోలేది రాత్రుళ్ళే కదమ్మా, గాలి అదే వస్తాది" అన్నాడు. అప్పుడు టైము మిట్టమధ్యాహ్నం.

ఇక ఆపుకోలేకపోయాను. ఇన్నాళ్ళూ ఎవరెన్ని మాటలన్నా రాని ఏడుపు నడిరోడ్డు మీద వచ్చింది. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "కొనేవాళ్ళకి ఎలక సంగతి గూడా చెప్పు మ్మా. ఇది అతుకేసిండే వైరు, మంచిది ఏపించుకోమను" అని ఎక్కి వెళ్ళిపోయాడు. పేరడగాలని తోచేసరికి లారీ మలుపు తిరిగింది.

అన్నా, మీరు చెప్పినట్టే కొన్నాయనకి ఎలక సంగతి మొదటే చెప్పాను. ఆయన నవ్వి, "మా ఇంట్లో పిల్లి ఉందిలెండి" అన్నారు. లక్షా అరవై ఐదు వేలకి తీసుకున్నారు.

బేరం కుదిరాక అసలు కథ మొదలైంది. లోన్ 2017లోనే తీరిపోయింది, ఆర్‌సీలో మాత్రం బ్యాంకు పేరు అలాగే ఉంది. తీయించాలంటే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, వాళ్ళ సంతకమూ సీలూ పడిన ఫారం 35 కావాలి. ఆ బ్యాంకేమో ఈలోగా ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. బ్రాంచికి పోతే మీ పాత అకౌంటు సిస్టంలో కనపడట్లేదన్నారు. పెద్దాఫీసుకి పోతే బ్రాంచే ఇవ్వాలన్నారు. ఒక్క నెల వాయిదా నాలుగు రోజులు దాటితే ఇంటికి ఫోన్లు చేసినవాళ్ళకి, అప్పు తీరిందని చెప్పాల్సి వచ్చేసరికి సిస్టంలో కనపడదట! లోన్ తీరిన రోజే ఆ పేరు తీసే బాధ్యత బ్యాంకుకే ఎందుకు పెట్టరో తెలిసినవాళ్ళెవరైనా చెప్పండి. పైగా ఓటీపీ వెళ్ళేదేమో ఎప్పుడో వదిలేసిన నంబరుకి. సరే, కృతజ్ఞతల పోస్టులో తిట్లెందుకు.

మా ఆయన, మా మరిది సెలవులు పెట్టుకుని మరీ తిరిగారు. ఇంటివాళ్ళు, వాళ్ళకి ప్రత్యేకంగా ఏం చెప్తాం.

ఆర్టీవో ఆఫీసు బయట జెరాక్స్ షాపాయన, ఫారం 29 రెండు కాపీలుండాలని చూసి చెప్పినందుకు మీకు థాంక్స్, లేకపోతే ఆ రోజు కూడా పోయేది. చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ తీసిన కుర్రాడు... తుప్పు మీద కిరోసిన్ గుడ్డతో రుద్ది, టేపు అంటించి, పెన్సిల్ గీకి, పదిహేడు అక్షరాలూ అంకెలూ ఒక్కటి చెదరకుండా తీశాడు. అతనికీ థాంక్స్.

అయ్యో, ఎదురింటి అక్కని మర్చిపోయాను! ఫోటోలన్నీ తీసింది ఆవిడే, గీతలు కూడా కనపడేట్టు.

కారు కొన్న సార్‌కి: జాకీ రాడ్డు మా ఇంట్లోనే ఉండిపోయింది. తిరుపతి వచ్చినప్పుడు తీసుకెళ్ళండి.