కర్త ఎక్కడో, క్రియ ఎక్కడో

చిత్తూరు

చిరంజీవి కార్తీక్‌కు అమ్మ ఆశీస్సులు.

నాయనా, నీవు తిరుపతి నుంచి పంపిన ప్రాజెక్టు రిపోర్టు పూర్తిగా చదివాను. తోతాపురి కాయ తోట దాటి గుజ్జు ఫ్యాక్టరీకి చేరేదాకా ఒక్కొక్క దశను నీవు వివరించిన తీరు నచ్చింది. అయితే నీ ఇంగ్లీషు వాక్యం పొడుగైతే చాలు, కర్తకూ క్రియకూ వచనం కుదరడం లేదు. మీ సారు చేతికి ఇచ్చేలోపు అది సరిచేసుకోవాలి.

మూడో పేజీలో ‘ది క్వాలిటీ ఆఫ్ ది మ్యాంగోస్ బ్రాట్ బై ది ఫార్మర్స్ టు ది ఫ్యాక్టరీస్ వర్ గుడ్’ అని రాశావు. మూడు బహువచనాలు వరుసగా వచ్చేసరికి చేయి దానంతటదే ‘వర్’ రాసేసింది. బాగున్నది నాణ్యత కనుక అక్కడ ‘వాజ్’ ఉండాలి. మనవాళ్లకు ఈ తప్పు దొర్లడానికి కారణముంది. ‘రైతులు ఫ్యాక్టరీలకు తెచ్చిన కాయల నాణ్యత బాగుంది’ అన్నప్పుడు వివరాలన్నీ ముందే వచ్చేసి, కర్త క్రియను ఆనుకుని ఉంటుంది; పైగా ‘కాయల’ అనే షష్ఠీ రూపమే అది కర్త కాదని చెప్పేస్తుంది. ఇంగ్లీషులో కర్త ముందు వచ్చి, వివరాలు దాని వెనుక చేరతాయి కాబట్టి క్రియ పక్కన సంబంధం లేని నామవాచకం మిగులుతుంది. ‘ఆఫ్’ మొదలుకొని ‘ఫ్యాక్టరీస్’ వరకు వేలితో మూసి చదివితే అసలు కర్త బయటపడుతుంది.

‘ఎలాంగ్ విత్’, ‘యాజ్ వెల్ యాజ్’ తగిలించినా కర్త బహువచనం కాదు. ఆ పని ‘అండ్’ చేస్తుంది. అందువల్ల ‘ది మేనేజర్, ఎలాంగ్ విత్ టూ క్లర్క్స్, వాజ్ ప్రెజెంట్’ అనాలి. ‘నీదర్–నార్’ ఉన్నచోట మాత్రం క్రియ తనకు దగ్గరి నామవాచకాన్నే అనుసరిస్తుంది. ‘నీదర్ ది వర్కర్స్ నార్ ది ఓనర్ వాజ్ దేర్’ అన్నది నియమానికి సరిపోయినా చెవికి ఇంపుగా ఉండదు కనుక, బహువచనాన్ని వెనక్కు జరిపి ‘నీదర్ ది ఓనర్ నార్ ది వర్కర్స్ వర్ దేర్’ అని రాయడమే నాకిష్టం.

వేలితో మూసే ఉపాయం ‘ఎ నంబర్ ఆఫ్’ దగ్గర పనికిరాదు. ‘ఎ నంబర్ ఆఫ్ లారీస్ వర్ వెయిటింగ్’ సరైనదే, ఎందుకంటే అక్కడ నిలిచి ఉన్నవి లారీలు. ‘ది నంబర్ ఆఫ్ లారీస్ వాజ్ స్మాల్’ అన్నప్పుడు తక్కువైనది సంఖ్య.

అన్నిటికంటే చిక్కు నీ ఏడో పేజీలో ఉంది. ‘వన్ ఆఫ్ ది ఫ్యాక్టరీస్ దట్ ఎక్స్‌పోర్ట్స్ పల్ప్ ఆర్ నియర్ చిత్తూర్’ అన్న వాక్యంలో రెండు క్రియలూ తారుమారయ్యాయి. ఎగుమతి చేసేవి ఫ్యాక్టరీలన్నీ కనుక ‘ఎక్స్‌పోర్ట్’ అనాలి. చిత్తూరు దగ్గర ఉన్నది వాటిలో ఒకటే కనుక ‘ఈజ్’ రావాలి. మొదటి క్రియను ఏకవచనంలో రాసే మంచి రచయితలూ లేకపోలేదు, కానీ రిపోర్టులో నియమాన్ని పాటించడమే క్షేమం. రెండోదానికి ఆ వెసులుబాటు లేదు.

మిగతాచోట్ల పెన్సిలుతో గీతలు పెట్టాను. ఏది కర్తో నీవే వెతికి, దిద్దిన ప్రతిని ఆదివారం వచ్చేటప్పుడు తీసుకురా.

ఇట్లు,
అమ్మ