కొలత టేపు పట్టుకొచ్చిన బాబాయిగారికీ, ఇంకొందరికీ

మా సామాను వచ్చి పదకొండు రోజులైంది. ఆఖరి అట్టపెట్టె నిన్న రాత్రి విప్పాను. అడుగున రెండు కత్తెరలు, ఒక తాడు చుట్ట, వాటి కింద కింది వాటా బాబాయిగారి స్టీలు కొలత టేపు! లారీ ఎక్కించే రోజు ఆయన దానికోసం ఎంత వెతికారో నాకు గుర్తుంది. అది మాతోపాటే 1,400 కిలోమీటర్లు వచ్చేసింది. దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు నవ్వుకుని, ఈ నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను. బయల్దేరే హడావిడిలో ఎవరికీ సరిగ్గా ఓ మాటైనా చెప్పలేదు. లారీ కదిలాక చెయ్యి ఊపడంతోనే సరిపోయింది.

తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. నాకు బదిలీ అయ్యింది. ఇద్దరు పిల్లలు, రెండు గదుల సామాను, తెలియని ఊరు. మొదట ఒక ప్యాకర్స్ వాళ్ళకి ఫోన్ చేస్తే, నా రెండు నెలల జీతం దాటిన అంకె చెప్పారు. రెండో వాళ్ళు అందులో సగం చెప్పారు. అడ్వాన్సు ఇవాళే వేస్తే ఆ రేటు ఖాయమన్నారు. సంబరపడిపోయి, మెట్ల మీద ఎదురైన బాబాయిగారికి ఆ మాట చెప్పాను. ఆయన ముప్పై ఏళ్ళు లారీ ట్రాన్స్‌పోర్టు బుకింగ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఇన్నాళ్ళూ ఆ సంగతి నాకు తెలుసుగానీ, దానితో నాకు పని పడుతుందని అనుకోలేదు.

"వాడు నీ సామాను చూశాడా అమ్మాయ్?"

"లేదండీ, ఫోన్లోనే చెప్పాడు."

"చూడకుండా చెప్పేది రేటు కాదమ్మా, ఎర."

అక్కడే మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పారు. తక్కువ చెప్పి అడ్వాన్సు పట్టుకుంటారట. సగం సామాను ఎక్కాక "మీరు చెప్పినదానికంటే ఎక్కువుంది మేడమ్" అంటారట. సామాను లారీలో ఉన్నప్పుడు మనకి నోరెక్కడిది? అందరూ అలా చేస్తారని కాదు, కానీ అలా చేసే అవకాశం మనం ఇవ్వకూడదన్నది ఆయన మాట. అందుకని మూడు చోట్ల నుంచి మనుషుల్ని ఇంటికి రప్పించి, సామాను చూపించి, ప్రతి వస్తువూ రాసిన జాబితాతో సహా కాగితం మీద రేటు తీసుకోమన్నారు. ఆ కాగితంలో ఇంకో సంగతి కూడా ఉండాలన్నారు: ఏ కారణాల మీద రేటు పెరగొచ్చో ముందే రాయాలి. ఎన్ని అంతస్తులు దించాలి, లిఫ్టులో బీరువా పడుతుందా, లారీ గుమ్మానికి ఎంత దూరంలో ఆగుతుంది, వీధిలోకి పెద్ద లారీ రాకపోతే చిన్న బండిలోకి మార్చే ఖర్చు ఎవరిది. ఇవన్నీ దిగే చోట కూడా అడగాలి. నేను కొత్త ఇంటి ఓనరుగారికి ఫోన్ చేసి వీధి వెడల్పు అడిగితే ఆయన వింతగా నవ్వారు. కానీ కొలిచి చెప్పారు, ఆయనకీ కృతజ్ఞతలు.

అసలు మేలు మాత్రం మర్నాడు జరిగింది. బాబాయిగారు టేపు, గళ్ళ నోటు పుస్తకం పట్టుకుని పైకి వచ్చారు. "బేరం తర్వాత. ముందు నువ్వు లారీలో ఎంత చోటు కొంటున్నావో చూద్దాం" అన్నారు. దూరం వెళ్ళే సామానుకి, అందులోనూ ఇంకొకరితో లారీ పంచుకున్నప్పుడు, బిల్లు చాలావరకు ఆక్రమించిన చోటును బట్టే ఉంటుందట. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణిస్తే ఘనపుటడుగులు. ఆయన కొలుస్తుంటే మా పెద్దది రాసింది. బీరువా 52. సోఫా 58. డైనింగ్ టేబుల్ 5 అడుగుల పొడవు, 3 వెడల్పు, రెండున్నర ఎత్తు, అంటే దాదాపు 37.

టేబుల్ దగ్గర ఆయన ఆగి కిందికి వంగి చూశారు. "ఇదంతా గాలేనమ్మా. కాళ్ళ మధ్య గాలికి కిరాయి కట్టి తీసుకెళ్తావా?" నిజమే. నాలుగు బోల్టులు విప్పితే కాళ్ళు చేతిలోకొచ్చాయి. పై పలక మందం 3 అంగుళాలు. 37 కాస్తా 4 కంటే తక్కువైపోయింది, కాళ్ళ కట్టకి ఇంకో అడుగు వేసుకోండి. తొమ్మిదేళ్ళు ఆ టేబుల్ మీద తిన్నాం, దానికి బోల్టులున్నాయనే నాకు తెలియదు.

మొత్తం కూడితే 610 వచ్చింది. అప్పుడాయన పక్కన ఇంకో రెండు గళ్ళు గీశారు. ఒకదాంట్లో ఆ వస్తువు మోసుకెళ్ళడానికి అయ్యే కిరాయి, రెండోదాంట్లో అలాంటిదే అక్కడ పాతది కొంటే అయ్యే ఖర్చు. బీరువా అక్కడే తేలిపోయింది. అది చెక్కపొట్టు అదిమి చేసిన పలక రకం. ఒకసారి విప్పి మళ్ళీ బిగిస్తే మరలు ఆ రంధ్రాల్లో పట్టు నిలవవు, తలుపులు వాలిపోతాయి. కిరాయి కట్టి మరీ పాడుచేసుకోవడమన్నమాట. సోఫా, రాతబల్ల, పుస్తకాల ర్యాకు కూడా అదే దారి పట్టాయి. చిల్లర సామానులో పదమూడు పెట్టెలకి సరిపడా తీసేశాం. అందులో ఏమున్నాయో ఇప్పుడు చెప్పమంటే నాలుగు వస్తువులైనా గుర్తు రావు.

మా అమ్మ కుట్టుమిషను మాత్రం లెక్క ప్రకారం ఓడిపోయింది. నేనేం మాట్లాడలేదు. టీ తీసుకొచ్చిన పిన్నిగారు పుస్తకంలోకి తొంగి చూసి, "ఆ గడి కొట్టేయండి" అన్నారు. ఆయన మారు మాట్లాడకుండా కొట్టేశారు. పిన్నిగారూ, మిషను కిటికీ పక్కన పెట్టాను. ఒక కాలు కొంచెం ఊగుతోంది, అంతే.

చివరికి తేలింది 385. మూడింట ఒక వంతు కంటే ఎక్కువే తగ్గింది, బిల్లూ దాదాపు అంతే తగ్గింది. అమ్మినవాటి డబ్బు వేరే. ఇందులో నేను బేరమాడి తగ్గించింది పిసరంత. ఇంతకుముందు నేనో గొప్ప బేరగత్తెననుకునేదాన్ని.

తేదీ సంగతి మా ఆఫీసు పెద్దాయన పుణ్యం. నెలాఖరు, శని ఆదివారాలు, పిల్లల సెలవుల్లో ఇళ్ళు మారేవాళ్ళు ఎక్కువ కాబట్టి బళ్ళు దొరకవు, రేట్లు చుక్కలంటుతాయి. చేరాల్సిన తేదీ ఎనిమిది రోజులు జరిపి, నెల మధ్యలో బుధవారం బయల్దేరేలా ఆయన ఒప్పుకున్నారు. మా సామాను ఒక్కటే లారీ నిండదు కాబట్టి అదే దారిలో వెళ్ళే ఇంకో కుటుంబం సామానుతో కలిపి వేయించాం. కిరాయి బాగా కలిసొచ్చింది. దానికి బదులు, ఫలానా రోజే వస్తుందన్న హామీ ఉండదు. ఆరు నుంచి పది రోజులన్నారు, పదో రోజున వచ్చింది. అప్పటిదాకా నేల మీద దుప్పట్లు, నాలుగు కంచాలు, ఒక గిన్నె. మా చిన్నవాడికి ఖాళీ ఇంట్లో ప్రతిధ్వని తెగ నచ్చేసి, సామాను రావద్దని మొక్కుకున్నాడట. తొందరగా వస్తుందని ఆశ పెట్టుకునేవాళ్ళు ఈ పద్ధతి జోలికి పోకండి. చంటిపిల్లలున్న ఇంటికీ నేను చెప్పను.

ఇక ఆఫీసులో నా పక్క సీటావిడ. కిందటేడు ఇల్లు మారినప్పుడు దాచిన ఇరవయ్యారు అట్టపెట్టెలు మడతపెట్టి, స్కూటరు మీద మూడు విడతలుగా తెచ్చిచ్చింది. అంతకుముందే నేనొక ఘనకార్యం చేసున్నాను. అడుగున్నర చదరం, అడుగున్నర ఎత్తు పెట్టెలో అంచులదాకా పుస్తకాలు సర్దాను. మావారూ నేనూ చెరోవైపు పట్టి లేపితే పెట్టె పైకొచ్చింది, పుస్తకాలు నేల మీదే ఉన్నాయి. అడుగు ఊడిపోయింది. ఆవిడ చూసి, "ప్రింటరు కాగితం కట్ట ఎత్తావా ఎప్పుడైనా? 500 కాగితాల ఏ4 కట్ట రెండున్నర కిలోలుంటుంది. నీ పెట్టెలో అలాంటివి ఎన్ని పడతాయి?" అంది. లెక్క వేస్తే డెబ్బై కిలోల దాకా తేలింది. హమాలీ అయినా మనిషేగా.

పుస్తకాలు చిన్న పెట్టెల్లోకీ, చక్రాల సూట్‌కేసుల్లోకీ మార్చాం. పెద్ద పెట్టెల్లో దిళ్ళు, బొమ్మలు, ప్లాస్టిక్ సామాను పెట్టాం. పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా నిలబెట్టి మధ్యలో తువ్వాళ్ళు, పాత టీషర్టులు కుక్కాం. న్యూస్‌పేపరైతే సిరా అంటుకుంటుంది, మళ్ళీ అన్నీ కడుక్కోవాలి. బబుల్ కవరు కొనాల్సిన అవసరమే రాలేదు. ప్రతి పెట్టె మీదా ఆవిడ పెద్దక్షరాలతో గది పేరు, నంబరు రాసింది, పై మూత మీద కాదు, పక్కల మీద. ఒకదాని మీద ఒకటి పేర్చాక మూతలు కనబడవుగా.

లోడింగ్ రోజు వచ్చిన ముఠా మేస్త్రికి ప్రత్యేకంగా దండం పెట్టాలి. వాషింగ్ మెషిన్ దగ్గరికి వచ్చి, వెనక్కి తిప్పి చూసి, "బోల్టులేవమ్మా?" అన్నాడు. ముందు తలుపుండే మెషిన్లలో డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. కొన్నప్పుడు అది కదలకుండా వెనక పొడవాటి బోల్టులు బిగించి పంపుతారు, ఇంట్లో పెట్టాక తీసేస్తారు. మళ్ళీ దూరం వెళ్ళేటప్పుడు అవి బిగించకపోతే, దారి పొడుగునా డ్రమ్ము అటూ ఇటూ కొట్టుకుని లోపలి భాగాలు దెబ్బతింటాయట. నా గుండె జారిపోయింది. అప్పుడు మావారు మాట్లాడకుండా లోపలికెళ్ళి, కవర్లో చుట్టిన నాలుగు బోల్టులు తెచ్చారు. ఆయన ఏదీ పారేయరని తొమ్మిదేళ్ళుగా దెప్పుతున్నాను. సరే, ఈ విషయంలో మావారికి కూడా బహిరంగంగానే కృతజ్ఞతలు. ఇది ఇక్కడితో సరి, మిగతా కవర్ల జోలికి రాదు.

ఫ్రిజ్ ముందురోజే ఆపేసి మంచు కరగనిచ్చి తుడిచి పెట్టాం. నిలువుగానే ఉంచి కట్టారు. దిగాక వెంటనే స్విచ్ వేయొద్దని, కొన్ని గంటలు ఆగమని మేస్త్రే చెప్పాడు. దారిలో ఎక్కడైనా ఒరిగితే కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి చేరుతుందట, అది వెనక్కి దిగాలి. పెయింటు డబ్బాలు, స్ప్రేలు, స్పిరిట్ లాంటి మండే సామాను ఎక్కించుకోనన్నాడు. మొదట విసుక్కున్నాను. ఆ లారీలో మన దుప్పట్లే కదా ఉండేది అని తర్వాత తట్టింది.

అంతా సవ్యంగా జరగలేదు. నిలువుటద్దం వాళ్ళు ప్యాక్ చేస్తే ఎక్కువవుతుందని నేనే దుప్పటి చుట్టి కట్టాను. మూడు ముక్కలై దిగింది. బీమా ఉంది, కానీ సొంతంగా కట్టుకున్నవాటికి నష్టపరిహారం ఇవ్వరని అందులో ఉంది. బాబాయిగారు ముందే చెప్పారు, నేనే వినలేదు. గాజు సామాను కట్టడం దగ్గర మిగుల్చుకోకూడదని ఇప్పుడు తెలిసింది. కుర్చీ కాలొకటి కూడా విరిగింది. అది వాళ్ళు కట్టిందే. ఎక్కించేముందు తీసిన ఫోటో చూపించి, డెలివరీ కాగితం మీద ఆ సంగతి రాయించాకే సంతకం పెట్టాను, మరమ్మతు డబ్బు వచ్చింది. "విప్పి చూడకుండా 'అన్నీ బాగున్నాయి' అన్న గీత కింద సంతకం చేయకు" అన్నది కూడా బాబాయిగారే.

మొక్కల కుండీలన్నీ తీసుకెళ్ళిన ఎదురింటి అక్కకీ, సోఫా కొని వారం ముందే డబ్బిచ్చి ఆఖరి రోజుదాకా మమ్మల్నే కూర్చోనిచ్చిన కొత్త దంపతులకీ, సర్టిఫికెట్లు, నగలు, మందులు లారీలో వేయకుండా సంచి మెడకు తగిలించుకుని రైలంతా నిద్రపోని మా తమ్ముడికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

టేపు సంగతి చెబుదామని పొద్దున్నే బాబాయిగారికి ఫోన్ చేశాను. దొరికిందండీ, పోస్టులో పంపిస్తాను, మా పెట్టెలోనే వచ్చేసింది అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఏ నంబరు పెట్టెలో?" అన్నారు.

"ముప్పై ఒకటండీ."

పుస్తకం తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. "ముప్పై ఒకటిలో కత్తెరలు, తాడు అనే ఉంది. టేపు లేదు. జాబితాలో లేని సామాను ఎక్కించావన్నమాట" అన్నారు.