మీ కిట్లలో ఉన్న తప్పును పిల్లల చేతుల మీదకు నెట్టకండి

బరంపురం,
గంజాం జిల్లా, ఒడిశా.

ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: ఓడ నమూనాల వర్క్‌షాప్ కోసం కొన్న కిట్లు, పనిముట్లలో లోపాలు. మార్పిడి, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మీరు కొత్తగా నేర్చుకునేవారి కోసం అంటూ అమ్ముతున్న వర్క్‌షాప్ సెట్ మా పిల్లల కోసం తెప్పించాం. అందులో 1:64 స్కేలు తెరచాప ఓడ కిట్లు పన్నెండు, పనిముట్ల పెట్టెలు నాలుగు, చెక్క పట్టీలను వేడి చేసి వంచే కరెంటు పరికరాలు రెండు ఉన్నాయి. నేను ఫీజు తీసుకుని నేర్పేవాణ్ని కాదు. బరంపురం, గోపాల్‌పూర్‌లలోని తెలుగు కుటుంబాలవాళ్లు తలా కొంత వేసుకుని కొన్న సామాను ఇది. వాళ్లలో చాలామంది చేపలవేట మీద బతికేవాళ్లు. దసరా సెలవుల్లో పని మొదలుపెట్టి, కార్తీక పూర్ణిమనాడు ఇక్కడివాళ్లు అరటి దొప్పల పడవలు నీళ్లలో వదిలే వేళకు మా ఓడలు కూడా వరసగా పెట్టి ఊరికి చూపించాలని అనుకున్నాం. పూర్ణిమ వెళ్లిపోయింది. ఒక్క ఓడకూ పట్టీలు ఎక్కలేదు.

మొదటి లోపం ప్లాన్ కాగితంలోనే ఉంది. దాని మూలన 100 మి.మీ. అని గీసిన కొలత గీత ఉంది కదా, దాని మీద స్కేలు పెట్టి చూడండి. అది 94 మి.మీ. మాత్రమే ఉంటుంది. ఎవరో కాగితానికి సరిపడేలా బొమ్మను కుదించి ప్రింటు తీశారు. చెక్కను మాత్రం అసలు కొలతకే కోశారు. దానివల్ల 400 మి.మీ. ఉండాల్సిన కీల్ (ఓడ అడుగున వెన్నెముకలా పొడవునా పోయే చెక్క) కాగితం మీద 376 మి.మీ. ఉంది. కాగితం చూసి గుర్తులు పెట్టుకున్న పిల్లలకు కీల్ మీద అడ్డంగా నిలిపే అడ్డుపలకల్లో ఒక్కటి కూడా గాడి దగ్గరికి రాలేదు. ఈ స్కేలులో ఒక్క మి.మీ. తేడా వచ్చినా అసలు ఓడలో 64 మి.మీ. తేడా అవుతుంది, అంటే రెండున్నర అంగుళాలు.

గాళ్లు కూడా సరిగా లేవు. కీల్ చెక్క మందం 5 మి.మీ., అడ్డుపలకల్లో కోసిన గాడి 4 మి.మీ. ఆకురాయితో రాసి గాడి వెడల్పు చేద్దామంటే పలక నిటారుగా నిలవకుండా ఓ పక్కకు ఒరిగిపోతోంది.

ఇది ఎందుకంత పెద్ద విషయమో చెబుతాను. మా పిల్లల తాతలు వాడిన మసూలా పడవల్లో పలకలను కొబ్బరి పీచు తాడుతో ఒకదానికొకటి కుట్టేవారు. లోపల పక్కటెముకల్లాంటి ఫ్రేములు ఉండేవి కావు. కట్టేవాడు కంటితో చూసుకుంటూ, పలకకు పలక సర్దుకుంటూ పోయేవాడు. ఎక్కడైనా తేడా వస్తే తర్వాతి పలక దగ్గర సరిచేసుకునే వీలుండేది. మీ కిట్ పద్ధతి అది కాదు. ముందు కీల్, దాని మీద అడ్డుపలకలు, ఆ తర్వాతే పట్టీలు. ఓడ ఆకారమంతా అడ్డుపలకలే నిర్ణయిస్తాయి. ఒక్క పలక రెండు మి.మీ. బయటికి పొడుచుకొచ్చినా దాని మీదుగా పోయే ప్రతి పట్టీ అక్కడ ఉబ్బుతుంది, పక్క పలక దగ్గర గుంట పడుతుంది. ఎంత ఓపికగా చేసినా అది పోదు.

పట్టీల సంగతి. చెక్క నార పట్టీ పొడవునా నేరుగా ఉంటేనే పట్టీ విరగకుండా వంగుతుంది. మీరు పంపినవాటిలో చాలావాటికి నార ఏటవాలుగా అంచు నుంచి బయటికి పోయింది. నీళ్లలో నానబెట్టి వంచినా సరిగ్గా అక్కడే పటుక్కున విరుగుతున్నాయి. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి విరిగిన ముక్కలన్నీ ఒక కాగితంలో చుట్టి నా ముందు పెట్టి, ‘నా చెయ్యి మోటు సార్, నాకీ పని రాదు’ అంది. ఆ పిల్ల వల అల్లితే ముడికి ముడి తేడా ఉండదు. తప్పు పట్టీది అని నేను చూపించేదాకా నమ్మలేదు. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. పని తెలిసినవాడికి పాడు కిట్ ఇస్తే కిట్‌ను తిడతాడు, కొత్తగా నేర్చుకునేవాడు తనను తాను తిట్టుకుంటాడు. కొత్తవాళ్లకంటూ అమ్మే సామాను మిగతావాటికన్నా కచ్చితంగా ఉండాలి.

పనిముట్ల పెట్టెలో చేతి డ్రిల్లు ఉంది, 0.5 మి.మీ. నుంచి బిట్లు ఉన్నాయి. కానీ బిట్టును బిగించి పట్టే దాని చక్ 1 మి.మీ. కంటే సన్నటి బిట్టును పట్టదు, బిట్టు జారిపోతుంది. ఇక వంచే పరికరం మాటకొస్తే అది ప్రమాదం. ప్లగ్గు పెట్టేముందు అడుగున ఉన్న స్టిక్కరు చూశాను కాబట్టి సరిపోయింది. దాని మీద 110 వోల్టులు అని ఉంది. మన ఇళ్లలో వచ్చేది 230. వోల్టేజీ రెట్టింపు దాటితే వేడి నాలుగు రెట్లు దాటుతుంది. దానికి మన సాకెట్లో పట్టే అడాప్టర్ పిన్ను కూడా మీరే జత చేశారు! వోల్టేజీని తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం లేదు. పిల్లలు పట్టుకునే వస్తువు ఇది. ఇంకెక్కడెక్కడికి పంపారో వాళ్లందరికీ వెంటనే ఫోన్ చేసి వాడొద్దని చెప్పండి, మా సంగతి తర్వాత చూడొచ్చు.

నా మొదటి ఫిర్యాదుకు మీవాళ్లు ‘సముద్రతీరపు తేమకు చెక్క ఉబ్బింది’ అని జవాబిచ్చి కేసు మూసేశారు. తేమకు చెక్క కొంచెం ఉబ్బుతుంది, నిజమే. కాగితం కుదించుకుపోతుందా? ఉక్కు చక్ వదులవుతుందా? 110 అంకె తేమకు పుట్టిందా? సీలు తీయని పెట్టె ఒకటి తల్లిదండ్రుల ముందే విప్పి కొలిచాం, అందులోనూ ఇవే తేడాలు. విప్పిన పెట్టెలు వాపసు తీసుకోం అనే మీ షరతు కూడా కుదరదు. విప్పకుండా లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? పైగా పెట్టె మీద దిగుమతిదారు పేరు గానీ, ఏ దేశంలో తయారైందో గానీ లేదు. చట్టప్రకారం ఉండాలి.

వాపసు తీసుకెళ్లడానికి మా పిన్‌కోడ్‌కు సర్వీసు లేదని, సొంత ఖర్చుతో హైదరాబాద్ పంపమని అన్నారు. సామాను తెచ్చి ఇచ్చేటప్పుడు ఒడిశా దూరం కాలేదు, తీసుకెళ్లేటప్పుడు దూరమైందా? మీరు ఇస్తామన్న పది శాతం డిస్కౌంట్ కూపన్ మాకు వద్దు.

మాకు కావలసింది ఇది. అసలు కొలతకు ప్రింటు తీసిన ప్లాన్లు, సరిగ్గా కోసిన కీల్, అడ్డుపలకలు, మంచి పట్టీలు పన్నెండు కిట్లకూ పంపాలి. చేతి డ్రిల్లులు నాలుగూ మార్చాలి. వంచే పరికరాలు మీ ఖర్చుతో తీసుకెళ్లి వాటి డబ్బు పూర్తిగా వాపసు ఇవ్వాలి. పంపేముందు ఒక్క కిట్‌నైనా మీ దగ్గరే బిగించి చూడండి.

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. లేకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఆపైన మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. కొన్నవాళ్లు తాము ఉండే చోటే కేసు వేసుకునే వీలు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది.

బిల్లు నకలు, కొలత గీత మీద స్కేలు పెట్టి తీసిన ఫొటోలు, 110 వోల్టుల స్టిక్కరు ఫొటో, సీలు విప్పినప్పుడు తీసిన వీడియో జత చేస్తున్నాను.

ఇట్లు,
వర్క్‌షాప్ నిర్వాహకుడు,
పిల్లల తల్లిదండ్రుల తరఫున