కిడ్నీ బాధితుల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది ఊపిరితిత్తుల గురించే ఎందుకింత మాట్లాడాం

సభ్యులందరికీ నమస్కారం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం, ఏ మండలం వాళ్లయినా ఇది పూర్తిగా చదవండి, చదవడం రాని పెద్దవాళ్లుంటే చదివి వినిపించండి. డయాలసిస్‌కి వెళ్లేవాళ్లకు ఆటో ఖర్చులు, పింఛన్ కాగితాలు, మంచినీళ్ల అర్జీలు ఎప్పట్లాగే నడిచాయి. లెక్కల పుస్తకం ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఈసారి ఎక్కువ రాయాల్సింది కిడ్నీ మార్పిడి చేయించుకున్న మనవాళ్ల గురించి.

మన సభ్యుడొకాయన, మార్పిడి తర్వాత బాగానే తిరుగుతున్న మనిషి, నూర్పుల రోజుల్లో కళ్లంలోకి దిగి, తడిసి బూజెక్కిన గడ్డి దులిపాడు. కొన్నాళ్లకు జ్వరం, పొడి దగ్గు, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు. ఊళ్లో ఇంజెక్షన్లు వేశారు, ఇంకోచోట టీబీ అయ్యుంటుందని మందులు మొదలుపెట్టబోయారు. చివరికి విశాఖలో సీటీ తీసి, ఊపిరితిత్తుల్లోంచి తీసిన ద్రవానికి గాలక్టోమన్నన్ అనే, ఫంగస్ పదార్థాన్ని పట్టే పరీక్ష చేస్తే ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ అని తేలింది. మనిషి దక్కాడు, కిడ్నీ కూడా నిలిచింది. కానీ ఆ టీబీ మందులు పడి ఉంటే? వాటిలోని రిఫాంపిసిన్ రక్తంలో టాక్రోలిమస్‌ను, అంటే కొత్త కిడ్నీ నిలవడానికి వేసుకునే, రోగనిరోధక శక్తిని అణిచే మందును, బాగా తగ్గించేస్తుంది, కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించే ప్రమాదం వస్తుంది. ఫంగస్‌కిచ్చే వొరికొనజోల్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, టాక్రోలిమస్‌ను పెంచేస్తుంది, డోసు తగ్గించకపోతే కిడ్నీకే దెబ్బ.

అందుకే సోంపేటలో ప్రత్యేకంగా సమావేశం పెట్టాం. వచ్చిన డాక్టరుగారు మూతి గట్టిగా అతికించిన ప్లాస్టిక్ కవర్లో బూజు పట్టిన ఎండుకొబ్బరి చిప్ప తెచ్చారు. లైట్లు ఆపించి, కవరు మీద వేలితో కొట్టి టార్చి వేస్తే లోపల పచ్చటి పొడి పొగలా లేచింది, దిగడానికి చాలాసేపు పట్టింది. ఆ పొడి అంతా ఫంగస్ బీజాలే. ఆస్పర్‌జిల్లస్ బీజం రెండు మూడు మైక్రాన్లు ఉంటుందట, ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా పోయేంత సన్నం. రోజూ వందలకొద్దీ అందరం పీలుస్తూనే ఉంటాం.

మరి అందరికీ జబ్బెందుకు రాదంటే, గాలి గదుల్లో ఉండే మాక్రోఫేజ్ కణాలు వాటిని మింగి చంపేస్తాయి. బీజం పైన వానకోటు లాంటి ప్రొటీన్ పొర ఉంటుంది, అది ఉన్నంతసేపు మన కణాలు దాన్ని సరిగా పోల్చుకోలేవు. బీజం ఉబ్బి మొలకెత్తబోయేటప్పుడు ఆ పొర ఊడి కిందున్న బీటా గ్లూకాన్ అనే ఫంగస్ గోడ పదార్థం బయటపడుతుంది, కణాల మీది డెక్టిన్-1 అనే గుర్తుపట్టే ప్రొటీన్ దాన్ని పట్టేస్తుంది. తప్పించుకుని దారాల్లా పెరిగినవి మింగుడుపడనంత పొడవు, వాటి పని న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు పడతాయి, ఘాటైన ఆక్సిజన్ రసాయనాలు చిమ్మి, ఒక్కోసారి తమ డీఎన్ఏనే వలలా విసిరి. కీమో తీసుకునేవాళ్లలో ఈ న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరు రక్తానికి 500 లోపుకి పడిపోతాయి, అప్పుడు ప్రమాదం.

మనవాళ్ల సంగతి వేరు, ఇది అందరికీ ఎక్కాలి. కణాల లెక్క సరిగ్గానే ఉండొచ్చు, కానీ మింగిన బీజాన్ని మాక్రోఫేజ్ చంపకుండా మనం వాడే స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసొలోన్ అడ్డుపడుతుంది, టాక్రోలిమస్ కూడా ఈ కణాలకు అందాల్సిన సంకేతాలను ఆపుతుంది. కాబట్టి రిపోర్టులో తెల్లకణాలు నార్మల్ అని ఉంటే ధీమా పడొద్దు. అలాగని మందు సొంతంగా మానితే కిడ్నీ పోతుంది, ఆ పని అస్సలు చేయకండి. మార్పిడి తర్వాత మొదటి నెలల్లో ఇచ్చే కోట్రైమాక్సజోల్ బిళ్ల కూడా అంతే, న్యుమోసిస్టిస్ అనే మరో ఊపిరితిత్తుల ఫంగస్ రాకుండా ఇస్తారు. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

ఫంగస్ జబ్బులకు మనుషుల్లో వాడే టీకా ఇంకా ఏదీ లేదు, జాగ్రత్తే దారి. గత్తం తవ్వడం, గడ్డికుప్ప విప్పడం, కొబ్బరి పీచు దులపడం, తుపాను తర్వాత బూజు గోడలు గీకడం ఇంట్లో వేరేవాళ్లకు అప్పగించండి. మొహమాటపడకండి, ఈ విషయంలో మన ఇళ్లల్లో ఆడవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు, మార్పిడి అయినా పశువుల సాల ఊడుస్తూనే ఉన్నారు. తప్పనిసరైతే ఎన్95 మాస్కు పెట్టుకోండి, అయినా ఎక్కువసేపు వద్దు.

వచ్చే ఏడాది నిధిలో కొంత సీటీ, పరీక్షల ప్రయాణ ఖర్చులకు విడిగా పెట్టాలని తీర్మానించాం. వాడే మందులు, మార్పిడి తేదీ, “జ్వరం, దగ్గు తగ్గకపోతే ఫంగస్ కూడా చూడండి” అని రాసిన కార్డు అచ్చు వేయించాం. ఇంకా తీసుకోనివాళ్లు మీ మండల ప్రతినిధిని అడగండి, జేబులోనే ఉంచుకోండి.