కొండ ఊళ్లకు శాటిలైట్ ఫోన్లు: ఒడిశా విపత్తు నిర్వహణ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా రెవెన్యూ, విపత్తు నిర్వహణ శాఖ మంత్రివర్యులకు,

పర్లాకిమిడి నుంచి నమస్కరించి రాస్తున్నాను. గజపతి జిల్లా కొండ ప్రాంతాల్లో సహాయక సిబ్బందికి శాటిలైట్ ఫోన్ల ఏర్పాటు గురించి తమరికి కొన్ని విషయాలు విన్నవించుకోవాలని ఈ లేఖ.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. సముద్రపు ఒడ్డున ఉన్నవాళ్లను ముందే ఖాళీ చేయించారు. 1999 నాటి పెను తుపాను తరువాత మన రాష్ట్రం కష్టపడి నేర్చుకున్న పని అది. దానికి చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే తుపాను తీరం దాటాక కొండలకెక్కింది. మహేంద్రగిరి చుట్టుపక్కల ఆ రోజంతా వాన కురిసి, రాయగడ బ్లాకులోని బరఘరా దగ్గర కొండచరియ విరిగిపడింది (రాయగడ జిల్లా కాదు, మన గజపతి జిల్లాలోని బ్లాకే). వానకు ఒక గుహలో తలదాచుకున్నవాళ్లలో పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ కబురు వెంటనే బయటికి రాలేదు. ఆ రోజుల్లో మా వీధిలో ఏ ఫోనూ మోగలేదు. గుమ్మ వైపు ఉన్న మా చెల్లెలి కుటుంబం క్షేమంగా ఉందో లేదో తెలుసుకోవడానికి మా అబ్బాయి, పడిన చెట్ల మధ్య నుంచి మోటారు సైకిలు తోసుకుంటూ వెళ్లి రావలసివచ్చింది. మాకు దక్కింది ఎదురుచూపుల బాధ మాత్రమే. కొండ మీది ఊళ్లకు జరిగిన నష్టం వేరు.

తీరంలో ముందస్తు హెచ్చరికల కోసం ఏర్పాటు చేసిన 122 సైరన్ టవర్లు ఆరు తీర జిల్లాల్లో ఉన్నాయి. పక్కనున్న గంజాం జిల్లా ఆ ఆరింటిలో ఒకటి. మా జిల్లాకు సముద్రం లేదు గనుక మా పేరు ఆ జాబితాలో లేదు. తుపాను వల్ల కలిగే ప్రమాదం ఉప్పెనతోనే ముగుస్తుందన్న లెక్క మీద ఆ ప్రణాళిక నిలబడింది. తిత్లీ ఆ లెక్క చాలదని చూపించింది.

మొబైల్ టవరు కూలితేనే ఫోను పోతుందని చాలామంది అనుకుంటారు. టవరు నిలబడే ఉన్నా, కరెంటు పోయి డీజిలు అయిపోతే అది మూగబోతుంది. దాన్ని బయటి ప్రపంచంతో కలిపే ఫైబరు ఒక్క ఘాట్ రోడ్డు మలుపులో తెగినా అంతే. కొండ దారిలో ఫైబరు రోడ్డు పక్కనే వెళుతుంది కాబట్టి, చరియ విరిగినప్పుడు దారి, మాట రెండూ ఒకే దెబ్బకు తెగుతాయి. సరిగ్గా అలాంటి గంటకే, టవరుతో పని లేకుండా నేరుగా ఉపగ్రహం మీదుగా మాట్లాడే శాటిలైట్ ఫోను అవసరం. వాతావరణ శాఖ వారి ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల నుంచి వాన కొలతలు ఇన్సాట్ ఉపగ్రహాల మీదుగా ఇప్పటికే వెళుతున్నాయి. ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందో ఆ దారిన చెప్పగలుగుతున్నప్పుడు, కొండ కింద ఎవరు చిక్కుకున్నారో చెప్పే దారి కూడా ఉండాలి కదా.

పరికరాలు కొని జిల్లా కేంద్రంలోని బీరువాలో పెడితే ఈ పని అయిపోదు. శాటిలైట్ ఫోను గదిలో పనిచేయదు, దానికి తెరిచిన ఆకాశం కావాలి. అందులోనూ ఏ ఉపగ్రహమన్నది ముఖ్యం. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉండే భూస్థిర ఉపగ్రహం మన రేఖాంశానికి దగ్గరగా ఉంటే, నడినెత్తికి కాస్త దక్షిణంగా నిలుస్తుంది; లోయలో నిలబడ్డా అందుతుంది. ఇస్రో 2015 ఆగస్టులో పంపిన జీశాట్-6 స్థానం 83 డిగ్రీల తూర్పు, అంటే దాదాపు మా తల మీదే. అలా కాక ఉపగ్రహం మనకు తూర్పుకో పడమరకో బాగా దూరంగా ఉంటే ఆకాశంలో కిందికి దిగిపోతుంది, కొండ అడ్డం వస్తుంది. అందుకని కొనేముందే నువాగడ, ఆర్.ఉదయగిరి, మోహన బ్లాకుల్లోని లోయ ఊళ్లకు పరికరాన్ని తీసుకెళ్లి, ఏ బడి మైదానం నుంచి, ఏ మలుపు నుంచి మాట అందుతుందో చూసి పటం గీయించండి. వాన సంగతి కూడా ఉంది. ఇంటర్నెట్ ఇచ్చే కొత్త డిష్ పరికరాలు వాడే పై పౌనఃపున్యాలు కుండపోత వానలో బలహీనపడతాయి. చేతి ఫోనులు వాడే ఎల్, ఎస్ బ్యాండ్లకు, అంటే తక్కువ పౌనఃపున్యాలకు, ఆ బాధ తక్కువ. వాన తగ్గాక సహాయ శిబిరానికి డిష్, వాన కురుస్తుండగా సిబ్బంది చేతికి ఫోను, ఇలా రెండూ కావాలి.

ఎవరి చేతికన్నది నాకు అన్నిటికంటే ముఖ్యం. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోను దగ్గర పెట్టుకోవడం మన దేశంలో నేరం. భద్రత దృష్ట్యా ఆ నియమం ఉండవలసిందే. కాబట్టి టెలికాం శాఖ నుంచి పేరుపేరునా అనుమతులు జిల్లా యంత్రాంగమే ముందుగా తెప్పించాలి, తుపాను పేరు రేడియోలో వినబడ్డాక కాదు. అగ్నిమాపక కేంద్రం, 108 అంబులెన్సు, కొండ మీది ఆరోగ్య కేంద్రం, అటవీ సిబ్బంది: వీరి దగ్గర ఉండాలి. పట్టుకున్న మనిషికి సవర భాష తెలిసి ఉండాలి, లేదా తెలిసినవాళ్లు పక్కన ఉండాలి. ఒడియాలోనో తెలుగులోనో అడిగితే ముసలివాళ్లు తలూపుతారు, తమ కష్టం మాత్రం చెప్పుకోలేరు. నెలకొకసారి, ఫలానా రోజు ఫలానా గంటకు ప్రతి ఫోనూ భువనేశ్వర్‌లోని ప్రత్యేక సహాయ కమిషనర్ కార్యాలయానికి మోగాలి. మోగనిదాని బ్యాటరీ సంగతి ఆ రోజే బయటపడుతుంది.

మరొక మాట సరిహద్దు గురించి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది ఆంధ్రప్రదేశ్. మా ఫోన్లు ఒక్కోసారి అవతలి టవరునే పట్టుకుంటాయి. అప్పుడు 112కు చేసిన పిలుపు ఏ రాష్ట్రానికి చేరుతుందో ఆపదలో ఉన్నవాడికి తెలియదు. గుణుపూర్, కాశీనగర్ మీదుగా వంశధారలో వచ్చే నీటి కబురు హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ వారికి గంటల ముందు కావాలి. మన అధికారుల శాటిలైట్ ఫోన్ నంబర్లు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కలెక్టర్ల కార్యాలయాల్లోనూ, వారివి మన దగ్గరా ఉండేలా రెండు ప్రభుత్వాలూ ఒక పత్రం మీద సంతకం చేస్తే చాలు, పెద్ద ఖర్చు లేదు.

తుపాన్లు మా వైపు అక్టోబరులోనే ఎక్కువ వస్తాయి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ మరుసటి ఏడు అదే తేదీన తీరం దాటాయి. ఈ అక్టోబరుకు ముందే గజపతి జిల్లా ఏడు బ్లాకుల్లో పరీక్ష మొదలుపెట్టించి, మొదటి పిలుపు బరఘరా నుంచి చేయించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
పర్లాకిమిడి పట్టణవాసి