నల్గొండ జిల్లా ఎస్పీ గారికి: మా సొంత దారిలో పరాయి బండ్లు

సార్, నమస్కారం.

నల్గొండలో మా నాలుగిళ్లకూ కలిపి ఒకటే దారి. మా తాతలు తలా కొంత పట్టా జాగా వదిలి వేసుకున్నది. పక్కనే ఫంక్షన్ హాల్. ముహూర్తాలు వచ్చాయంటే పెళ్లికొచ్చిన కార్లన్నీ ఇందులోనే, అడిగేది లేదు. మొన్న డయాలసిస్‌కు పోవాల్సిన మా నాన్నను, ఆటో లోపలికి రాలేక, కుర్చీలో కూర్చోబెట్టి మెయిన్ రోడ్డు దాకా మోసుకెళ్లాం. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. అదే ఎక్కువ బాధ.

పోలీసులకు ఫోన్ చేస్తే "ప్రైవేటు జాగా, మేం బండి ఎత్తలేం" అన్నారు. నిజమే, మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ పబ్లిక్ స్థలాల్లో వదిలేసిన బండ్లకే. కానీ, వెళ్లే హక్కున్న మనిషిని కావాలని అడ్డుకోవడం భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద నేరం కదా? నెల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తీయమన్నాక కూడా తీయని వాళ్లకు ఇది వర్తించదా?

కోపంలో మేం టైర్ల గాలి తీస్తే కేసు మా మీదే పడుతుంది. అందుకే మీకు రాస్తున్నాను. మాఘమాసం ముహూర్తాలకు ముందే హాల్ యజమానిని పిలిపించి, బండ్లకు వేరే జాగా చూపించమని గట్టిగా చెప్పండి సార్.