కారు బుక్ చేసే ముందు ఇది చదువు

ఒరేయ్ సూరీ,

మొన్న ఫోన్లో ఏడు సీట్ల డీజిల్ బండి బుక్ చేస్తున్నానని నువ్వు చెప్పినప్పుడు నేనేం మాట్లాడలేదు. చుట్టూ జనం ఉన్నారు, పైగా ఇది రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే రాస్తున్నా.

ఆదివారం నరసాపురం వెళ్దామని సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డా. నా ముందు ఓ పెద్ద కారు. ఇంజిన్ ఆపలేదు, ఏసీ నడుస్తోంది, లోపల ఒక్కడే మనిషి. పంటు అవతలి ఒడ్డు నుంచి వచ్చి, బళ్లన్నీ దిగి, మేం ఎక్కేదాకా ఆ సైలెన్సర్ వేడి నా కాళ్లకి కొడుతూనే ఉంది. అప్పుడు నీ బండే గుర్తొచ్చింది.

లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు డీజిల్ కిలో కూడా తూగదు కదా అంటావేమో, గాలిలో ఉన్న ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది, అందుకే అంత బరువు. లీటరుకి 12 ఇస్తుందన్నావు, అంటే కిలోమీటరుకి 225 గ్రాములు. 20 ఇచ్చే చిన్న పెట్రోల్ కారైతే 115. సగమేరా!

మన దేశంలో దీనికి రూలు లేకపోలేదు. ఒక కంపెనీ ఏడాదిలో అమ్మిన కార్లన్నిటి సగటు ఇన్ని గ్రాములు దాటకూడదు, 2022-23 నుంచి అది సుమారు 113. కానీ కార్ల బరువు పెరిగితే ఆ హద్దూ పెరుగుతుంది, నాకు మింగుడు పడనిది ఇదే. నార్వేలో అలా కాదు, బరువుకీ పొగకీ పన్ను బాదారు, ఎలక్ట్రిక్ కార్లకి 2001లో వ్యాట్ తీసేశారు. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో పదింట తొమ్మిది దాకా ఎలక్ట్రిక్‌వే.

వాళ్లకి కరెంటు నీళ్ల నుంచి వస్తుంది, మనది ఎక్కువగా బొగ్గుదే కదా అని నువ్వడగొచ్చు, ఆ మాట నిజమే. అయినా లాభమే. ఇంజిన్లో పోసిన దాంట్లో చాలా భాగం వేడిగానే పోతుంది, మోటారు మాత్రం తీసుకున్నదాన్ని చాలావరకు చక్రానికే ఇస్తుంది. మధ్యాహ్నం సోలార్ కరెంటు దండిగా ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

అసలు మన వైపు ఇన్ని కార్లు ఎందుకు కొంటున్నారు చెప్పు? అమలాపురానికి రైలు లేదు. కోటిపల్లి దాకా ఉన్న పట్టాలు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీక్కుపోతే మళ్లీ 2004లో వేశారు. అక్కణ్ణుంచి నరసాపురం దాకా లైను పని ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. రాత్రి ఎనిమిది దాటాక పల్లెకి బస్సుండదు, ఆసుపత్రికి పరిగెత్తాలంటే సొంత బండే దిక్కు. కొన్నవాళ్లని తప్పుపట్టలేం. కానీ మీ ఇంట్లో ఉన్నది నలుగురు, ఏడు సీట్లు నిండేది ఏడాదికి రెండుసార్లు. ఆ రెండుసార్లకీ అద్దె బండి పెట్టుకో.

అడ్వాన్సు ఇంకా కట్టలేదుగా? సంక్రాంతికి బస్సులోనే రా, రావులపాలెంలో దిగితే నేనొచ్చి తీసుకెళ్తా. మా బావ ఎలక్ట్రిక్ కారు తెస్తున్నాడు, గట్టు మీద ఓసారి నడిపి చూద్దువు గాని.

నీ,
రాంబాబు